ఆ కాలంలో ఆమె లేదు

దుప్పటి కొసలు చెరో రెండు పట్టుకుని భార్యాభర్తలిద్దరూ ఒక్క విదిలింపు విదిలించారు. డ్రయ్యర్‌లోంచి అప్పుడే తీసిన గుడ్డ, చెయ్యి చురుక్కుమంటోంది. ఆమె ముందుకు నడిచి వచ్చి, తన కొసలు అతని చేతికిచ్చి, కింద వేలాడే మడత అందుకుని వెనక్కి వెళ్ళింది. ఆసుపత్రి లాండ్రీ గదిలో పెళ్ళయిన కొత్తలో మొదలైన ఈ రాకపోకలు ఇద్దరి జుట్టూ నెరిసినా ఆగలేదు.

అతన్ని అందరూ సత్యకాలం అనేవాళ్ళు. అమాయకుడని కొంత, నోరు విప్పితే ఆ ముచ్చటే కనుక కొంత. చిన్నప్పుడు తాత చెప్పిన కథ అతనిలో ఇంకిపోయింది. మొదట బంగారు కాలం. దున్నకుండానే పంట, అడక్కుండానే వాన. రోగం లేదు, ముసలితనం లేదు. తర్వాత వెండి, తర్వాత కంచు, చివరికి మన పాలబడిన ఈ ఇనుము. బస్సు తప్పినా, కూర మాడినా, "ఇనుప కాలం, ఇంతే" అని పెదవి విరిచేవాడు. కూతురి పెళ్ళిలో వాన దంచికొట్టింది. తడిసి ముద్దయిన చుట్టాలంతా వంటగదిలో దూరి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. అతనొక్కడే గుమ్మంలో నిలబడి ఆకాశాన్ని తిట్టాడు.

"ఆ కాలం మళ్ళీ వస్తుందే. చక్రం తిరగాలిగా," అన్నాడు ఇవాళ కూడా.

"వచ్చేసరికి మనం ఉంటామా?"

"మనమా? ఆనవాలు కూడా ఉండదు."

"మరెందుకయ్యా ఈ ఎదురుచూపులు?" ఆమె నవ్వింది. "పోనీ, వెనకటి ఆ బంగారు కాలంలో నేనున్నానా?" అంది.

"నువ్వెక్కడుంటావే! అప్పుడంతా దేవతల్లాంటి మనుషులు."

ఆమె మళ్ళీ నవ్వలేదు. చివరి మడత అతని చేతిలో పెట్టి, "కాసేపు కూర్చుంటాను, ఒళ్ళు తూలుతోంది," అని కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది.

అలిగిందనుకున్నాడు. అలక తీర్చడానికి అతనికి తెలిసిన విద్య ఒక్కటే, కథ. అటు వీపు పెట్టి, దిండు గలీబులు దొంతరగా పేరుస్తూ, ఆ కాలంలో నదుల్లో పాలు పారిన సంగతి ఎత్తుకున్నాడు. తేనె కారే చెట్ల దాకా వచ్చినా ఊఁ కొట్టకపోయేసరికి వెనక్కి తిరిగాడు. ఆమె గోడకు తల ఆన్చి ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి.

అతని కేక విని పై అంతస్తు నుంచి డాక్టరమ్మ పరుగున వచ్చింది. చెయ్యవలసిందంతా చేసి, తల అడ్డంగా ఊపింది.

"చివరగా ఏమైనా చెప్పిందా?"

"నన్నొకటి అడిగిందమ్మా," అన్నాడతను. "తిన్నగా జవాబు చెప్పలేదు నేను."

ఆమెను తీసుకుపోయాక గదిలో ఒక్కడే మిగిలాడు. ఆ పెళ్ళినాటి వంటగదిలో, అందరి మధ్యా ఆమె నవ్వు ఎలా ఉండిందో గుర్తు తెచ్చుకోబోయాడు. వింటే కదా, గుర్తుండడానికి!

బల్ల మీద ఆమె ఒలిచిన కమలాపండు ఉంది. సగం తను తిన్నది. అతనికి చేదు పడదని, మిగతా తొనలను ఒక్క పీచైనా లేకుండా శుభ్రం చేసి, తొక్కలోనే పొందికగా పేర్చి పెట్టింది.