మాట వినని పిల్ల

పొయ్యి మీద గోధుమరవ్వ కుతకుత ఉడుకుతుంటే అమీనా బీ ఒక చేత్తో గరిటె తిప్పుతూ రెండో చేత్తో ఎవరి ముక్కో తుడుస్తోంది. ఎవరి ముక్కని చూడాల్సిన పని లేదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొగలో పుట్టిన పిల్లలకు ఏడాది పొడుగునా ముక్కులు కారుతూనే ఉంటాయి. ఆమె కొంగు పొద్దున ఉతికి కట్టుకున్నదే అయినా మధ్యాహ్నానికల్లా అట్ట కడుతుంది.

ఆమె మనిషి పొట్టి. ఎడం కన్ను ఎప్పుడూ నీరు కారుతుంటుంది. బట్టీలో పనిచేసిన రోజుల్లో ఆ కంట్లో సున్నం పడింది. మొగుడు జాన్ సాహెబ్ లారీ తోలుకుంటూ మాచర్ల పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. పిల్లలు పుట్టలేదు. బాల్వాడీలో ఆయా పని దొరికినప్పుడు పేటలో ఆడవాళ్లు పిల్లల్లేని దానికి పిల్లల ఉద్యోగమని నవ్వుకున్నారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వింది. ఆమెకు ఒక్కటే బాధ. ఎంతమందికి ముక్కులు తుడిచి పెంచినా, ఇక్కడి నుంచి బడికి పోయేవాళ్లు తక్కువ, బట్టీకి పోయేవాళ్లు ఎక్కువ.

వరండాలో పిల్లలు విజిలాట ఆడుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు పనిచేసే రాళ్ల క్వారీలో పొద్దు వాలే వేళకు మందు పెట్టి పేలుస్తారు. పేల్చేముందు మేస్త్రీ విజిల్ వేస్తే అందరూ దూరంగా పరుగెత్తాలి. పేలడం అయిపోయాక ఇంకో విజిల్ వేస్తే మళ్లీ పనిలోకి రావాలి. పిల్లల ఆటా అంతే. ఒకడు విజిల్ వేస్తాడు, మిగతావాళ్లు గోడ చాటుకు పరుగెత్తుతారు, మిగిలిపోయినవాళ్లు చచ్చినట్టు. ఎప్పుడూ మిగిలేది కోటేశ్వరే. అది వంగి కూచుని గులకరాళ్లు వరస పేర్చుకుంటూ ఉంటుంది.

"కోటి చచ్చింది, కోటి చచ్చింది" అని పిల్లలు చప్పట్లు కొడుతూ మీదికొచ్చారు. అది తలెత్తి చూసి, అందరూ తనను చూసే నవ్వుతున్నారని తెలుసుకుని, చేతికందిన రసూల్ ముంజేతిని కరిచింది.

అమీనా బీ పరుగున వచ్చి దాని వీపు మీద ఒక్కటేసింది. కిటికీ దగ్గరికి లాక్కుపోయి కట్టేసింది. ఆ తాడు తన పాత చీర అంచు చింపి తనే పేనింది. ఒక కొస కిటికీ ఊచకు ముడి, రెండో కొసన ఉచ్చు. కాలు ఒరుసుకుపోకుండా ఉచ్చుకు మెత్తటి గుడ్డ చుట్టింది. ఏం చేస్తుంది మరి? ఎన్నిసార్లు పిలిచినా ఆ పిల్ల వెనక్కి రాదు. రోడ్డు మీద సున్నం లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి.

కోటేశ్వరికి మూడో ఏట జ్వరం వచ్చింది. తగ్గిన దగ్గర్నుంచీ మొండితనం పట్టుకుందని దాని తల్లి నాగమ్మ చెప్పేది. అంతకుముందు గలగలా మాట్లాడిన పిల్ల ఇప్పుడు అమ్మ, ఆయా, బువ్వ అని మూడు మాటలు అంటే గొప్ప. మాట వినదు అని నాగమ్మ కొట్టింది. మాట వినదు అని అమీనా బీ కట్టేసింది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని పేటలో అందరూ తలా ఒక దెబ్బ వెయ్యమని సలహా ఇచ్చారు. ఆ పిల్లకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని బాల్వాడీ టీచరమ్మ అన్నప్పుడు అమీనా బీ నిజమేనంటూ నవ్వింది కూడా.

అయినా దాన్ని ఎలాగైనా బడిలో వేయించాలని ఆమె పట్టుబట్టింది. మాస్టరు నాలుగు దెబ్బలేసి దారికి తెస్తాడని ఆశ. బళ్లో చేర్చుకోవాలంటే కుడిచెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడం చెవి అందుకోవాలి. అందితే అయిదేళ్లు నిండినట్టు. అమీనా బీ ఎదురుగా కూచుని తన చెవి పట్టుకుని చూపిస్తుంటే కోటేశ్వరి వేసవంతా అదొక ఆటలా నేర్చుకుంది. ఇప్పుడు చిటికెలో అందుకుంటుంది.

నాగమ్మ క్వారీ నుంచి ఒక పూట సెలవు అడుక్కుని వచ్చింది. ముగ్గురూ బడికి పోయారు.

సాంబశివరావు మాస్టరు చెడ్డవాడు కాదు. వరండా నిండా జనం, పైన జూన్ ఎండ. తలెత్తకుండానే, "కుడిచేత్తో ఎడం చెవి పట్టుకో పాపా" అన్నాడు.

కోటేశ్వరి గోడ మీద పాకుతున్న గండుచీమను చూస్తోంది.

"నీకే చెప్పేది. చెవి పట్టుకో."

నాగమ్మకు తలకొట్టేసినట్టయింది. "ఏందే, మాట వినవా" అని చెంప మీద కొట్టింది. అమీనా బీ గబగబా ముందుకొచ్చి తన చెయ్యి తల మీద వేసుకుంది. కోటేశ్వరి చెంప ఎర్రగా ఉండగానే నవ్వి, చెయ్యెత్తి, చెవి పట్టుకుంది.

"చూశారా సారూ, అందింది" అంది అమీనా బీ.

అప్పుడే బడి గంట మోగింది. గంటంటే వరండా దూలానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అది కోటేశ్వరి తల వెనకే ఉంది. అమీనా బీ ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. పక్కనావిడ చంకలో ఉన్న పసివాడు గుక్కపట్టాడు. కోటేశ్వరి చెవి పట్టుకునే నవ్వుతూ నిలబడింది. కనురెప్ప కూడా కదల్లేదు.

మాస్టరు కలం కింద పెట్టాడు. దాని వెనక్కి పోయి గట్టిగా చప్పట్లు కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"అమ్మా, ఈ పిల్ల మాట వినకపోవడం కాదు. దీనికి మాట వినపడటం లేదు" అన్నాడు. ఇక్కడ కూచోబెట్టి తను ఏమీ నేర్పలేనని, గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించమని, ఇటువంటి పిల్లలకు వేరే బడులున్నాయంటారని చెప్పాడు. అవి ఎక్కడున్నాయో ఆయనకూ తెలియదు. వెనకాల ఉన్నవాళ్లను రమ్మన్నాడు.

దారిలో నాగమ్మ రోడ్డు పక్కన కూలబడి, పిల్లను దగ్గరికి తీసుకుని వీపు రుద్దింది.

"అత్తా, నేను కొట్టినప్పుడల్లా ఎందుకు కొడుతున్నానో దానికి తెలవదు గదా."

అమీనా బీ కూడా పక్కన కూచుంది. మాట వినదు, మాట వినదు అని ఇన్నాళ్లూ అన్నారు. అన్నవాళ్లలో ఒక్కరూ ఆ మాటను విన్నవాళ్లు లేరు. తను అసలే వినలేదు.

"నాకూ తెలవలేదే నాగమ్మా. కట్టేశానే తల్లీ" అంది.

బాల్వాడీకి రాగానే కోటేశ్వరి తనంతట తనే కిటికీ దగ్గరికి పోయి, కింద కూచుని, కాలు చాపింది. చాపి, కట్టమన్నట్టు ఆయా మొహంలోకి చూసింది. ఆమె అలవాటు కొద్దీ ఉచ్చు తీసి కాలికి తొడిగింది.

"నువ్వు పనిలోకి పోవే. సాయంత్రం దాకా నేను చూసుకుంటాలే."

నాగమ్మ వంగి ఉచ్చు ఊడదీసింది. "కట్టబాకత్తా. గొడ్డా ఏంది అది? చానా కట్టాం. ఈ పూట క్వారీలో నా కాడే ఉంచుకుంటా."

వద్దని అమీనా బీ ఏ మొహం పెట్టుకుని అంటుంది? కాస్త ఉప్మా గిన్నెలో పెట్టి ఇచ్చింది. తల్లి చంకనెక్కి పోతూ పోతూ కోటేశ్వరి వెనక్కి తిరిగింది. చెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడం చెవి పట్టుకుని నవ్వింది. అమీనా బీ కూడా తన చెవి పట్టుకుని చూపించింది.

పిల్లలంతా ఇళ్లకు పోయాక ఆమె మాడిన డేగిశాను బూడిద వేసి తోముతూ కూచుంది. పొద్దు వాలింది. క్వారీ వైపు నుంచి విజిల్ వినపడింది. రోజూ వినేదే. చెయ్యి ఇంకా గిన్నె లోపలే తిరుగుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

బూడిద చేతులతో లేచి బయటికి పరుగెత్తింది. "కోటీ" అని పిలిచింది. క్వారీ ఊరి అవతలెక్కడో ఉంది. అంత దూరానికి ఎవరికీ వినపడదు. ఆ పిల్లకైతే పక్కన నిలబడి పిలిచినా వినపడదు. అయినా పిలుస్తూనే ఉంది.

పేలింది. కిటికీ రెక్కలు కదిలాయి. రెండో విజిల్ కోసం ఆమె రోడ్డు మీదే నిలబడింది. పనిలోకి రమ్మని వేసే ఆ విజిల్ ఆ సాయంత్రం వెయ్యలేదు.

విజిల్ పడగానే పిల్లను ఆడవాళ్లెవరో ఎత్తుకుపోయి ఉంటారనుకుని నాగమ్మ కూడా పరుగెత్తిందట. అది రాతి చాటున వంగి గులకరాళ్లు పేర్చుకుంటోందట. గుండెలు పగిలేలా విజిల్ ఊదానని, ఆ పిల్ల మాట వినే రకం కాదని మేస్త్రీ అందరితో అన్నాడు. మొండిపిల్లను క్వారీకి తీసుకురావడం తల్లిదే తప్పని పేటలో తీర్మానించారు. అమీనా బీ అలా కాదని ఇద్దరు ముగ్గురికి చెప్పి చూసింది. ఆ తర్వాత చెప్పడం మానేసింది.

నాలుగు రోజులు పిల్లలు విజిలాట ఆడలేదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. అమీనా బీ పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూ, ముక్కులు తుడుస్తూ, కిటికీ వైపు చూడకుండా ఉండటం అలవాటు చేసుకుంది. ఊచకు చీర అంచు తాడు అలాగే వేలాడుతోంది, దాని కొసన మెత్తటి గుడ్డ చుట్టిన ఉచ్చు, చిన్న కాలొకటి పట్టేంత.