వడియాల వ్యూహం

అమీర్‌పేటలో ప్రతి గోడా జావా నేర్పుతానని ప్రతిజ్ఞ చేస్తున్న రోజులవి. పంజాగుట్ట వెళ్లే దారికి వెనకనున్న మా కాలనీ పార్కు మీద ఒక సూపర్‌మార్కెట్ కంపెనీ కన్ను పడింది. అది ఎవరి వాడుకలోనూ లేని ఖాళీ స్థలమని కంపెనీవారి దరఖాస్తు. నిజం తేల్చడానికి ఏప్రిల్ నెలలో ఒక శనివారం ఉదయం అధికారి విచ్చేస్తున్నాడని కబురు అందింది.

కాలనీ సంఘాధ్యక్షులు, విశ్రాంత సూపరింటెండెంటు అచ్యుతరావుగారు యుద్ధసన్నాహం ఆరంభించారు. ముప్పై ఏళ్ల కొలువులో తనిఖీనాడు బల్ల మీద కాగితం ముక్కనైనా ఉండనివ్వని మహానుభావులాయన. "ఆఫీసరుగారు వచ్చేసరికి పార్కు అద్దంలా ఉండాలి!" అని శాసించారు. నవారు మంచాలు, క్రికెట్ వికెట్లు, చింతపండు చాపలు, వృద్ధుల పేకముక్కలు సమస్తం దేశబహిష్కారానికి గురయ్యాయి.

ఒక్క లచ్చమ్మ తలవంచలేదు. పార్కు వెనక బస్తీలో ఆమెది ఒంటిగది. ఎండ పొడ సోకే అరుగైనా లేదు. శ్రీనగర్ కాలనీ ఇళ్లకు ఆమె అమ్మే వడియాలన్నీ ఈ పార్కులోనే ఎండాలి.

"పిండి రుబ్బిన సారూ. ఇయ్యాల పెట్టకుంటె పులుస్తది."

"రేపు పెట్టుకో లచ్చమ్మా. ఆఫీసరుగారి ముందు పరువు పోతుంది."

"పార్కే పోతె, గా పరువు ఏడ ఆరబెడ్తవ్ సారూ?"

అధికారి రానే వచ్చాడు. చీపురు గీతలు తప్ప మరేమీ లేని నేలను కలయజూశాడు.

"ఎంత శుభ్రంగా ఉందో చూశారా!" అన్నారు అచ్యుతరావుగారు.

"అవునండీ. ఎవరూ అడుగు పెడుతున్నట్టే లేదు," అంటూ అధికారి కలం తీశాడు.

అధ్యక్షులవారి ముఖం పాలిపోయింది. ముప్పై ఏళ్ల అనుభవం వెళ్లి శత్రుపక్షాన సాక్ష్యం చెప్పింది!

అంతలో గేటు కిర్రుమంది. నెత్తిన పిండి గిన్నె, చంకలో పాత చీరతో లచ్చమ్మ ప్రవేశించింది. అచ్యుతరావుగారు జన్మలో మొదటిసారి తమ శాసనాన్ని తామే ఉల్లంఘించారు.

"పెట్టు లచ్చమ్మా, పెట్టు! ఏమేవ్, నీ మిరపకాయలు కూడా పట్రా!"

"పొద్దున్నే లోపల పెట్టించింది తమరేగా!" అని బాల్కనీలోంచి దెప్పుతూనే ఆయన ధర్మపత్ని ఛాయాదేవిగారు చాటతో దిగివచ్చారు. ఆమె వెనక మంచాలు, చాపలు, పేకలు, వికెట్లు చతురంగబలాలై కదిలాయి. పావుగంటలో నేల కనుమరుగైంది. చుట్టూ వడియాల వ్యూహం బిగుసుకోగా అధికారి వెనక్కి అడుగు వేయబోయాడు.

"జర పైలం సారూ! గాడ తొక్కకు. ఇరవై ఏండ్ల సంది గా జాగ నాదే!"

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి అధికారి రాయసాగాడు. దరఖాస్తును నేలకూల్చిన ఆ నివేదిక నేటికీ సంఘం గదిలో పటం కట్టి ఉంది: "స్థలం ఖాళీగా లేదు. పరిశీలనాధికారికి రెండవ పాదం మోపుటకు సైతం చోటు దొరకలేదు."

ఆనాడు పొద్దు వాలేదాకా గొడుగు పుచ్చుకుని లచ్చమ్మ వడియాల మీద కాకులను తోలినవారు సాక్షాత్తు అధ్యక్షులవారే.