తోళ్ల షెడ్డు జ్వరం

కబేళా వెనక రేకుల షెడ్డులో మేకతోళ్లకు ఉప్పు పట్టించడం ఆ వదినా మరదళ్ల పని. తోలు చల్లబడగానే పిడుదులు దాన్ని వదిలి, వెచ్చగా ఉన్న చేతుల మీదికి పాకేవి. చర్మాన్ని కరిచిపట్టుకుని రక్తం తాగే వాటిని వదిన పీకి, గోళ్ల మధ్య పెట్టి చిదిమేసేది.

"మీ అన్న నన్ను ఇంత గట్టిగా పట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో," అని నవ్వేది.

ఓ రోజు వదినకు జ్వరం వచ్చింది. మందుల షాపు బిళ్లలకు లొంగలేదు. చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలయ్యాక పెద్దాసుపత్రిలో చేర్చారు. డెంగీ అన్నారు, పరీక్షలో కాదని తేలింది. మరదలు పక్కనే కూర్చుని, వదిన నోటి రక్తాన్ని ఒట్టి చేతులతోనే తుడుస్తూ వచ్చింది.

"ఇదేం రోగమో మాకూ అంతుపట్టడం లేదమ్మా," అన్నాడు డాక్టరు.

మర్నాడు వదిన పోయింది. ఆమెకు సూది వేసిన నర్సూ మంచం పట్టింది.

మరదలికి ఒళ్లు నొప్పులు మొదలైన పొద్దున, ఆమె గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

"తలుపు తియ్యవే," అంది తల్లి బయటి నుంచి.

"తియ్యను. అన్నయ్యని ఆసుపత్రికి ఫోన్ చెయ్యమను."

"కడుపున మోసినదాన్ని. నీ జ్వరం నాకు పరాయిదా?"

"వదిన నోరు తుడిచిన చేతులమ్మా ఇవి. నీకు దణ్ణం పెడతాను, అవతలికి పో."

తల్లి గుమ్మం దగ్గరే చతికిలబడింది. అదిగో ఇదిగో అంటూ మధ్యాహ్నం దాటినా అంబులెన్సు రాలేదు. జ్వరం తలకెక్కి, తలుపు ఎందుకు వేసుకుందో కూతురు మరిచిపోయింది. దాహమంటూ, అమ్మా అంటూ తానే వచ్చి గడియ తీసింది. రక్తం కక్కుకుంది. తల్లి ఆమెను ఒళ్లోకి లాక్కుని, మొహం కడిగి, నీళ్లు తాగించింది.

కూతురు బతికింది. ఆసుపత్రిలో ఆమె లేచి కూర్చునే వేళకు తల్లి శవాన్ని సంచిలో చుట్టి తీసుకెళ్లిపోయారు. కొడుకును సైతం దగ్గరికి రానివ్వలేదు.

అప్పటికి రక్తంలో కొత్త వైరస్ బయటపడింది. పిడుదుల నుంచి మనుషులకు వస్తోందని, రోగి రక్తం తగిలినా అంటుకుంటుందని డాక్టరు చెప్పాడు.

"అమ్మకి తలుపు తీసిందెవరు?" అని ఆమె అన్నను అడిగింది.

అతను గోడకేసి చూస్తూ, "నేనే పగలగొట్టాను," అన్నాడు.

ఇంటికి వచ్చి చూస్తే తలుపు మీద చిన్న గీత కూడా లేదు. ఆమె లోపలి గడియను ఓసారి వేసి తీసింది. పొయ్యి ఎవరు వెలిగించాలో తెలియనట్టు, ఇద్దరూ చెరో మూల కూర్చుండిపోయారు.