ఎడమ పక్క మెడల్స్

మా ఆయన ఏసుదాసు జన్మలో తుపాకీ ముట్టలేదు. ఆయన చేతిలో నేను చూసిన ఒకే ఒక్క ఆయుధం కొబ్బరికాయలు ఒలిచే గునపం. బల్లి మీద పడితే "ఓ ప్రభువా" అని వీధిలోకి పరిగెడతాడు. అలాంటి మనిషిని పంద్రాగస్టు నాడు మలికిపురంలో స్టేజీ ఎక్కించి, డెబ్బై ఒకటి యుద్ధవీరుడని శాలువా కప్పారు! కప్పించుకోవాల్సిన దాన్ని నేను కింద హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఒళ్ళు మండదా మరి?

అది కార్గిల్ యుద్ధం జరిగిన ఏడాది. అంతవరకూ మిలిటరీ వాడంటే సెలవులో రమ్ము సీసా తెచ్చేవాడని తప్ప ఇంకేమీ తెలియని జనం ఒక్కసారిగా జెండాలు పట్టుకున్నారు. మాజీ సైనికులకు సన్మానమనీ, అందరూ మెడల్స్ పెట్టుకుని రావాలనీ ఆటోకి మైకు కట్టి ఊరూరా తిప్పారు. ఆ ఆటో మా పేటలోకీ వచ్చింది.

"వెళ్దాం సువార్తా," అన్నాడు మా ఆయన.

"నన్నెవరు పిలిచేరండి?"

"మైకు పిలిచింది కదే! మాజీ సైనికులందరూ అంది. మగాళ్ళనే రమ్మన్లేదు," అని చింతపండు తెచ్చుకుని నా మెడల్స్ తోమడానికి కూర్చున్నాడు.

నేను లెఫ్టినెంట్ సువార్తమ్మని. మిషన్ ఆస్పత్రిలో నర్సింగు నేర్చుకుని సైన్యంలో చేరాను. యుద్ధమప్పుడు తూర్పు సరిహద్దు దగ్గర మిలిటరీ ఆస్పత్రిలో పనిచేశాను. అక్కడ నర్సు అంటే ఆఫీసరు, భుజాన నక్షత్రాలుంటాయి. డెబ్బై మూడులో ఏసుదాసుని చేసుకున్నాను. ఆ రోజుల్లో మగ ఆఫీసరు పెళ్ళి చేసుకుంటే క్వార్టరు ఇచ్చేవారు, నర్సు పెళ్ళి చేసుకుంటే ఇంటికి పంపేసేవారు. నన్నూ పంపేశారు. పింఛను లేదు, మాజీ సైనికురాలినని చూపించుకోవడానికి కార్డు లేదు. మిగిలినవి ఆ రెండు మెడల్సే. అవి కూడా నావి కాదంటే ఇంక నేనెవర్ని?

తెల్లచీర కట్టుకుని, మెడల్స్ ఎడమ పక్క పెట్టుకుని బయల్దేరాను. మైదానం గేటు దగ్గరే పోలిరాజు గారు ఎదురయ్యారు. ఆయన రిటైరైన సుబేదారు, మాజీ సైనికుల సంఘానికి పెద్ద. నా మెడల్స్ చూసి మొహం చిట్లించారు.

"ఏమ్మా, అటు కాదు. ఇంట్లోవాళ్ళ మెడల్స్ ఆడవాళ్ళు పెట్టుకుంటే కుడిపక్క పెట్టుకోవాలి. సొంతవైతేనే ఎడమపక్క, గుండె మీద. అది మిలిటరీ పద్ధతి."

"ఆయ్, తెలుసండి. అందుకే ఎడమపక్క పెట్టేనండి."

వింటేగా! "దాసూ, నువ్వు యుద్ధానికెళ్ళేవని ఇన్నాళ్ళూ చెప్పలేదేవిటయ్యా!" అంటూ మా ఆయన చెయ్యి పట్టుకుని స్టేజీ మీదకి లాక్కుపోయారు. ఎవరో వచ్చి నా చేతిలో హారతి పళ్ళెం పెట్టి, మాజీ సైనికుల భార్యల వరసలో నిలబెట్టారు. మగవాళ్ళకి శాలువా, మాకు తలో జాకెట్టు గుడ్డ అట. మా పేటలో ఇంటికొకడు సైన్యంలో చేసి వచ్చాడు. వాళ్ళ కుర్చీలు ఎప్పటిలాగే చివరి వరసలో ఉన్నాయి.

శాలువా భుజం మీద పడేసరికి మా ఆయన మైకు పట్టుకున్నాడు. "ఇది నాది కాదండి. యుద్ధానికెళ్ళింది మా ఆవిడండి, మిలిటరీ నర్సుగా," అన్నాడు.

మైదానం మొత్తం గొల్లుమంది. "వాళ్ళింట్లో రోజూ యుద్ధమేనంటండీ!" అని ఎవడో అరిచాడు. నవ్వని వాళ్ళు చివరి వరస వాళ్ళే.

పోలిరాజు గారు మైకు అందుకున్నారు. "సువార్తమ్మ నర్సుగా చేసిందంటండి. కట్లు కట్టడం గొప్ప సేవే, కాదనను. కానీ నాలాగ తొడలో తూటా దిగినోడికీ, కట్టు కట్టినామెకీ తేడా లేదాండి? అమ్మా, ఆ మెడల్స్ కుడిపక్కకి మార్చుకో. నీకూ ఓ శాలువా కప్పుతాం."

జనం చప్పట్లు కొట్టారు. ఎంత పెద్ద మనసో చూశారా! పక్కనున్నావిడ నా మోచెయ్యి పొడిచి, "మార్చేసుకోండక్కా, పిన్నీసు తీసి అటు పెడితే శాలువా వస్తాదిగా," అంది.

పళ్ళెం ఆవిడ చేతిలో పెట్టేసి స్టేజీ ఎక్కాను.

"సుబేదారు గారండీ, తూటా తగిలేక మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్ళేరండి?"

"మిలిటరీ ఆస్పత్రికి. ఎందుకమ్మా?"

"వార్డులోకి సిస్టరు వస్తే మీరేం చేసేవారండి?"

ఆయన బల్ల మీది శాలువాలు సర్దడం మొదలెట్టారు. చెప్పరని నాకు తెలుసు. అందుకని జనానికి నేనే చెప్పాను. ఆఫీసరు వార్డులోకి అడుగు పెడితే లేవగలిగినవాడు లేచి నిలబడాలి. లేవలేనివాడు మంచం మీదే కాళ్ళు బిగబట్టి, చేతులు పక్కలకి ఆనించి సావధాన్‌లో పడుకోవాలి. కాళ్ళు పోయిన కుర్రాళ్ళు కూడా దుప్పటి కింద చేతులు సరిచేసుకునేవారు. నేను "విశ్రామ్" అనేదాకా ఊపిరి కూడా గట్టిగా పీల్చేవారు కాదు. ఆ మాట చెప్పి, అవతలి గదిలోకెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని పక్క వార్డుకి వెళ్ళేదాన్ని. నా రెండు మెడల్సూ ఆ వార్డుల్లో పనిచేసినందుకు ఇచ్చినవే.

"అదంతా అప్పటి మాటమ్మా," అని గొణిగారు పోలిరాజు గారు. "ముందు ఆ మెడల్స్..."

నేను మైకు పక్కకి జరిపాను. నా గొంతుకి మైకెందుకు?

"సావధాన్!"

పోలిరాజు గారి మడమలు టక్కున కలిశాయి. చేతులు పక్కలకి అతుక్కున్నాయి, గడ్డం పైకి లేచింది. తానేం చేస్తున్నారో ఆయనకి తెలిసేలోపే ఒళ్ళు ఆ పని చేసేసింది. చివరి వరసలో మా పేటవాళ్ళు కుర్చీలు వెనక్కి తోసి లేచి నిలబడ్డారు. వాళ్ళు మాత్రం తెలిసే లేచారు.

నవ్విన నోళ్ళన్నీ మూతపడ్డాయి. నేను వెళ్ళి స్టేజీ మీద ముందు వరసలో పోలిరాజు గారి కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన శాలువా తెచ్చి కప్పబోతే, "మెడల్స్ కనబడాలండి," అని కుడి భుజం మీదే వేయించుకున్నాను. ఆయన కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం మానేసి నవ్వాడు.

"మేడమ్‌సాబ్..." అన్నారు పోలిరాజు గారు, పెదవులు కదిలీ కదలకుండా. విశ్రామ్ చెప్పమని.

చెబుతాను, తొందరేముంది? నన్ను ఇరవయ్యారేళ్ళు నిలబెట్టారు. ఆయన కాసేపు నిలబడితే కాళ్ళేమీ అరిగిపోవు.