చూసినంత వరకే

ఆ ఏడాది బడిలో ఓ కొత్త అలవాటు మొదలైంది. ఏ క్లాసులోనైనా ఎవరైనా ఓ మాట అంటే, మిగతా పిల్లలంతా "దేన్ని చూసి?" అని అడగాలి. సైన్సులో మొక్క నీళ్లు లేకే వాడిందన్నా, సోషల్లో ఫలానా రాజు దయగలవాడన్నా, కథలో ముసలాయనకు కోపమొచ్చిందన్నా, ఆధారం వేలు పెట్టి చూపించాలి. విన్న మాటైతే, చూసినవాళ్లను అడిగి తేల్చుకోవాలి. తెలియకపోతే తెలియదనాలి. అందులో తప్పేం లేదు.

ఈ అలవాటు పెట్టించింది భాష చెప్పే టీచరు. స్టాఫ్‌రూములో సైన్సు మాస్టారు ఆమెను చూస్తే చాలు, మొత్తుకునేవాడు.

"ఉప్పెక్కువైందంటే మా అబ్బాయి 'దేన్ని చూసి నాన్నా' అంటున్నాడు, టీచర్‌గారూ. మీ పుణ్యమా అని నోరు మూసుకు తింటున్నాను."

"రుచి చూశాకే కదా అన్నారు? మీ ఆధారం గట్టిదే. నోరు తెరవండి."

టీచరు చెల్లెలి కూతురు కూడా ఆమె చెప్పే క్లాసులోనే ఉంది. చెల్లెలు ఆస్పత్రిలో పోయినప్పటి నుంచీ ఆ పిల్ల పెద్దమ్మ దగ్గరే పెరుగుతోంది. ఇంట్లో అందరికీ గువ్వ. బడిలో మాత్రం పెద్దమ్మను టీచర్ అనే పిలవాలి.

ఆ రోజు పిల్లలు తమకు బాగా తెలిసిన మనిషి గురించి ఒక్కొక్కరే మాట్లాడుతున్నారు. గువ్వ లేచింది.

"మా అమ్మకు చీకటంటే భయం. అయినా కరెంటు పోతే ముందు లేచేది అమ్మే."

"దేన్ని చూసి?" అంది క్లాసు.

"లేచే ముందు నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. చెయ్యి చల్లగా ఉండేది."

టీచరు మనసు నిండిపోయింది. ఇంతకంటే ఏం నేర్పాలి?

"ఆస్పత్రిలో అమ్మ చివరిసారి పలికింది నా పేరే."

టీచరు చెయ్యి దానంతటదే పైకి లేచింది. అడగమని పిల్లలకు ఆమె చేసే సైగ అది. లేచాక గానీ ఆమెకు తెలియలేదు. పిల్లలు ఈసారి మెల్లగానే అడిగారు. లాయరు అని పేరుపడిన కుర్రాడు మాత్రం, "నువ్వక్కడ ఉన్నావా?" అన్నాడు.

"లేను. పెద్దమ్మ... టీచర్ ఉన్నారు. వాళ్లే చెప్పారు."

క్లాసంతా టీచరు వైపు తిరిగింది.

"కూర్చోమ్మా," అందామె. "ఇది ఇంటి మాట. తర్వాత ఎవరు?"

గువ్వ కూర్చుంది. జవాబు తేలకుండా ఆ క్లాసులో అంతవరకూ ఎవరూ అలా కూర్చోలేదు.

సాయంత్రం వంటింట్లో ఇద్దరూ చిక్కుళ్లు వలుస్తున్నారు. టీచరు దేవుణ్ణి తలుచుకుంది. తానున్నానని దేన్ని చూసి నమ్మావని ఆయన ఏనాడూ అడగలేదు. కానీ ఇది నమ్మకం సంగతి కాదు. కళ్లెదుట జరిగిన సంగతి. చెల్లెలు పోయిన రోజు పిల్ల పచ్చి మంచినీళ్లు ముట్టకపోతే, ఒక్క గుక్క పాలు తాగించడానికి అన్న మాట.

"గువ్వా, అమ్మ నీ పేరు పలకలేదే. అసలేమీ పలకలేదు. అప్పటికే స్పృహ లేదు."

పిల్ల చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"మరెందుకు చెప్పావు?"

"నీ ఏడుపు చూడలేక. నాకు చేతకాక."

"రోజూ పడుకునే ముందు ఆ మాటే తలుచుకునేదాన్ని, పెద్దమ్మా."

టీచరు దగ్గరకు తీసుకోబోతే పిల్ల కాస్త జరిగింది. అటు తిరిగే అడిగింది.

"నువ్వు చూసిందేంటో చెప్పు. చూసింది మాత్రమే."

"ఊపిరి మెల్లగా తీసింది. మొహం తుడిస్తే కనుబొమలు ముడిచింది. నీ స్వెటర్ దుప్పటి మీద పెట్టాను. పట్టుకోలేదు. అక్కడే ఉంది."

"నొప్పి పడిందా?"

"తెలియదు తల్లీ."

గువ్వ తలూపింది. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"నన్ను తలుచుకునే ఉంటుందని నేననుకుంటా," అంది. "తెలుసు అనను. అనుకుంటా అంటా."

"నేనూ అనుకుంటానే."

"నువ్వు అనకు," అంది పిల్ల. "కొన్నాళ్లు నువ్వేం అనకు, పెద్దమ్మా."

టీచరు సరేనంది. ఇద్దరూ మిగిలిన కాయలు వలిచారు.