తాళాల సందులో కోదండరాం సారు

చెన్నై జార్జి టౌన్‌లో తాళాల సందు మొదట్లో మంగళ పూలబుట్ట పెట్టుకుని కూచుంటుంది. పొద్దున్నే పాలు తెచ్చేవాడు మొదలుకుని అందరూ ఆమెను అడిగే లోపలికి పోతారు. "అక్కా, దారేది?" మూర కొలిచే చెయ్యి ఆపకుండా ఆమె "నేరుగా పో" అంటుంది. అంతే. ఆ సందులోనే పుట్టి, డెబ్భై రెండేళ్ళుగా ఆ సందులోనే ఉన్న తాళాల కొట్టు వరదయ్య కూడా రోజూ అడుగుతాడు.

అడక్కపోతే ఏమవుతుందంటారా? ఏమీ కాదు. సందు అయిపోదు. అడిగినవాడికి అది రెండొందల అంగలు, అడగనివాడికి ఎన్ని వేస్తే అన్ని. పోయినేడు కొలతలకని ఒక ఇంజనీరు టేపు పట్టుకుని అడగకుండా దూరాడు, గడ్డం గుండెల మీదికి దిగాక గాని బయటపడలేదు. జనం దాన్నేమీ వింతగా చెప్పుకోలేదు. గడ్డం బాగా కుదిరిందని మాత్రం అనుకున్నారు.

ఒక శనివారం పది గంటలకు కోదండరాం సారు పదకొండు మంది విదేశీ విద్యార్థుల్ని వెంటేసుకుని ఆ సందు ముందు వ్యాను దిగాడు. ఏడాది చదువుకోసం చెన్నై వచ్చిన పిల్లలు వాళ్ళు. ఈ ప్రయాణానికి కాలేజీ "చారిత్రక నగర సందర్శన" అని పేరు పెట్టింది. నగరం ఎట్లా ఉంటుందో సారు వ్యానులోనే చెప్పేశాడు గనక ఇక చూడాల్సింది పెద్దగా మిగల్లేదు. తలా ఒక కాగితం ఇచ్చాడు. అందులో ఇరవై రెండు గడులు. పాత తలుపు కనబడితే టిక్కు, పాత గడప కనబడితే టిక్కు, పాత మనిషి కనబడితే టిక్కు. అడుగున ఒక నిబంధన: స్థానికులతో మాట్లాడరాదు. మాట్లాడితే పరిశీలన మైలపడుతుందట! మనుషుల ఊరు చూడ్డానికొచ్చి మనుషుల్ని పలకరించకపోవడం, పెళ్ళికొచ్చి పందిరి గుంజలు లెక్కపెట్టుకుని పోవడం లాంటిది. కానీ పెద్ద చదువులు చదివినవాళ్ళ మడి అట్లాగే ఉంటుంది.

ఆ పదకొండు మందిలో కార్తీక ఒకతె. మలేషియా పిల్ల. ముత్తాతలనాడు రబ్బరు తోటల్లో పనికి పోయిన తెలుగువాళ్ళ కుటుంబం. ఇంట్లో మామ్మ నేర్పిన తెలుగు ఉంది గాని, దాన్ని ఆమె ఎనిమిది నెలలుగా దాచిపెట్టింది. ఎందుకంటే మొదటి వారంలోనే సారు, "ఆ అంగడి భాష నీ పెట్టెలోనే ఉంచు" అన్నాడు. సారు సిఫారసు ఉత్తరం రాస్తేనే ఆమెకు ఇంకో రెండేళ్ళ చదువు. రాయకపోతే జూన్‌లో తిరిగి మలేషియాలో సొంతూరు ఇపోకి. అక్కడ బావగారి సెల్‌ఫోన్ కవర్ల కొట్టులో స్టూలు ఒకటి ఈమె కోసమే ఖాళీగా ఉంది. "ఇవాళ నీ నడవడి చూసి, సాయంత్రం వ్యానులో సంతకం పెడతాను" అని సారు పొద్దున్నే చెప్పాడు.

పన్నెండు మందీ మంగళ ముందునుంచే పోయారు. ఆమె తలెత్తి కాసేపు ఎదురుచూసింది. ఒక్కరూ అడగలేదు. సారు చేతిలో ఆయన స్వయంగా గీసిన మ్యాపు ఉంది మరి.

"వీళ్ళు అడగలా!" అని మంగళ పక్క కొట్టుకు కేకేసింది.

"అడగలేదంట", "అడగలేదంట" అని ఆ మాట కొట్టుకొట్టుకూ పాకింది. స్టూళ్ళు బయటికి వచ్చాయి. కుండల్లో మజ్జిగ కలిపారు. దారి మాత్రం ఎవరూ చెప్పలేదు. అడగనివాడికి దారి చెప్పడం, ఆకలి లేదన్నవాడి నోట్లో ముద్ద కుక్కడం లాంటిదని ఆ సందులో అందరికీ తెలుసు.

తాళాలు, గొళ్ళేలు, మడతబందులు. మళ్ళీ తాళాలు, గొళ్ళేలు, మడతబందులు. సందు చివర గడియారం ఉన్న తోరణం పదకొండింటికి బొటనవేలి గోరంత కనబడింది. ఒంటిగంటకూ గోరంతే. "చూశారా, ఎంత సుదీర్ఘమైన వారసత్వ వీధో!" అన్నాడు సారు ఇంగ్లీషులో. పిల్లలు బుద్ధిగా టిక్కు పెట్టారు. జర్మనీ కుర్రాడు బూట్లు విప్పి మెడలో వేసుకున్నాడు. ఫ్రాన్సు అమ్మాయి ఒకే గొళ్ళేన్ని నాలుగోసారి ఫొటో తీసి, నాలుగు రకాల గొళ్ళేలని రాసుకుంది.

నాలుగోసారి వరదయ్య కొట్టు కూడా వచ్చింది. వరదయ్య పక్క కొట్టు ప్రేమ్‌నాథ్‌తో అంటున్నాడు.

"ముందర పొయ్యేది ఎవురో తెలిసిందా? రాయపురం తంగమ్మ కొడుకు."

"ఎండుచేపల తంగమ్మ కొడుకా? అయ్యో, అమ్మ కొంగు పట్టుకోని ఈడికి వచ్చేవాడే! అప్పుడు వాకిలి వాకిలికీ దారి అడిగేవాడు గదన్నా?"

"అప్పుడు సదువుకోలా గదప్పా, పాపం."

కార్తీకకు నవ్వొచ్చి పెదవి కొరుక్కుంది. సారు చెవులు ఎర్రబడ్డాయి. అంటే ఆయనకూ అర్థమైంది! ఆయన మాత్రం మ్యాపును ఇంకొంచెం ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

మూడింటికి మళ్ళీ వరదయ్య కొట్టే వచ్చేసరికి కొరియా అమ్మాయి దాని మెట్టు మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. మడమలు పగిలి రక్తం.

"సార్, ఎవర్నైనా అడుగుదామా?" అంది కార్తీక.

"ఎవర్ని? వీళ్ళనా? తమ వీధి ఏ ఏడు పుట్టిందో తెలియనివాళ్ళు. మ్యాపు గీసినవాణ్ణి నేనిక్కడ ఉండగా? నోరు తెరిచావంటే ఉత్తరం మాట మరిచిపో."

కార్తీక ఆ మడమల్ని చూసింది. ఇపోలో ఖాళీ స్టూలు కళ్ళముందు కదిలింది. రెండింటి మధ్యా కాసేపు నిలబడి, చివరికి వరదయ్య వైపు తిరిగింది.

"తాతా, దారి ఎటేపు?"

వరదయ్య ఆకురాయి కింద పెట్టాడు. "ఇది ఏ ఊరి తెలుగమ్మా?"

"మా మామ్మది, తాతా."

"బాగుండాది. నేరుగా పోమ్మా."

కార్తీక కొరియా అమ్మాయి చెవిలో ఆ మూడు మాటలూ చెప్పింది. "తాతా, దారీ ఎటేపూ?" అని ఆ పిల్ల ఏడుస్తూనే అడిగింది. తక్కిన తొమ్మిది మందీ కాగితాలు పారేసి వరసగా నిలబడ్డారు. వరదయ్య పదకొండు సార్లూ విసుగు లేకుండా "నేరుగా పో" అన్నాడు. ఇరవై అంగల్లో తోరణం నెత్తిమీదికి వచ్చింది. అవతల సిటీబస్సులు, చెరకురసం బండి.

"ఉత్తరం లేదు, కార్తీకా!" అని వెనకనుంచి సారు అరిచాడు. "నిన్ను పంపించేసే కాగితం మీద సోమవారం పొద్దున్నే సంతకం పెడతాను." అని మ్యాపు విప్పుకుని నడక సాగించాడు.

సోమవారం ఆయన రాలేదు. ఆ తరవాతి సోమవారమూ రాలేదు. కాలేజీ ఆఫీసులో గుమాస్తా భువనేశ్వరి రిజిస్టరు తెరిచి సారు పేరు పక్కన "గైడు క్షేత్ర పర్యటనలో ఉన్నారు" అని రాసింది. ఆ ఆఫీసు రూలు ఏమిటంటే, గైడు సంతకం లేనిదే విద్యార్థిని పంపించడానికి వీల్లేదు. పంపించేదాకా కార్తీక విద్యార్థే. జూన్ వచ్చింది, పోయింది. హాస్టలు గది, లైబ్రరీ కార్డు వాటంతటవే పొడిగించుకున్నాయి.

ఇప్పుడు కార్తీక ప్రతి శనివారం మంగళను అడిగి సందులోకి వస్తుంది. వరదయ్య కొట్టులో కూచుని, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడి రాసుకుంటుంది. నాలుగు గంటల ప్రాంతంలో సారు వస్తాడు. గడ్డం పెరిగింది. మ్యాపు మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది.

"ఆయన అడిగితే చెప్పాల్సిందే, తెలుసు గదమ్మా?" అన్నాడు వరదయ్య ఒకసారి.

"తెలుసు, తాతా."

ఆయన అడిగి బయటపడితే సోమవారం సంతకం, మంగళవారం విమానం. అయినా ఆయన దగ్గరికొచ్చినప్పుడల్లా ఆమె మజ్జిగ గ్లాసు అందిస్తూనే ఉంటుంది.

పోయిన శనివారం ఆయన గ్లాసు తిరిగిచ్చి, పోకుండా నిలబడ్డాడు. తోరణం వైపు చూశాడు. పెదవులు కదిలాయి. వరదయ్య ఆకురాయి ఆగింది. ప్రేమ్‌నాథ్ కొట్టులోనుంచి తల బయటపెట్టాడు.

"కార్తీకా..."

"ఏం సార్?"

అచ్చం తంగమ్మ కొడుకు తెలుగులో అన్నాడు.

"మజ్జిగలో ఉప్పు తక్కవయిందిమే."

మ్యాపు ముక్కలు చంకలో పెట్టుకుని నడిచిపోయాడు.

ఈ శనివారం కార్తీక మజ్జిగలో ఇంకో చిటికెడు ఉప్పు వేసింది.