డాక్టర్ల ముందు పెద్ద ఈరన్న నడక

నా మొగుడు పెద్ద ఈరన్నకు నడక వచ్చింది. ఏడాదిగా రాని నడక, కర్నూలు పెద్దాసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల ముందు వచ్చింది. ఏ రోజు రాకూడదో సరిగ్గా ఆ రోజే వచ్చింది.

నిరుడు కోసిగి దగ్గర కారు గుద్దింది అతణ్ణి. రోడ్డు దిగి మట్టిలో నడుస్తున్న మనిషిని గుద్దింది. తొడ ఎముక విరిగింది, మోకాలి చిప్ప పగిలింది. లోపల కడ్డీ వేసి బిగించారు. కారాయన ఆసుపత్రి వైపు ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ‘తాగి అడ్డమొచ్చాడు’ అని పోలీసులకు మాత్రం చెప్పాడు. నా మొగుడు పుట్టి బుద్ధెరిగాక తాగింది మజ్జిగే. ఆ మాట విన్నరోజు చేతిలో ఉన్న చెంబు గోడకేసి కొట్టాను.

నష్టపరిహారానికి కేసు వేశాం. మా వకీలు ఆనందం గారు ముందే చెప్పారు.

“కాలు ఎంత చెడిందో డాక్టర్లు రాసియ్యాల. పరిహారమంతా దాని మీదనే ఉండాది. వాళ్ళు చూసే పొద్దు మగతనం చూపియ్యొద్దప్పా ఈరన్నా. నొప్పి ఉంటే నొప్పి అను, చేతకాకుంటే చేతకాదను.”

నా మొగుడు తల ఊపాడు. ఊపడానికేం, మా మేక కూడా ఊపుతుంది.

ఆ పరిహారం వస్తే ఇంటి ముందు చిల్లర కొట్టు పెట్టుకోవాలని నా ఆశ. మా ఊళ్ళో వానలు మొండికేస్తే జనమంతా మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకోతకు పోతారు. దాన్నే సుగ్గి అంటాం. మా శివాని ప్రతి ఏడూ సగం చదువు బడిలో, సగం మిరప చేలో చదువుతోంది. కొట్టు పెట్టుకుంటే పిల్ల బడి మానక్కర్లేదు. నాకు కావలసింది అంతే.

కర్నూలుకు మాతో మేస్త్రీ వీరభద్ర కూడా వచ్చాడు. సుగ్గికి మనుషుల్ని కుదిర్చి లారీలో తీసుకుపోయేది అతనే. మొగుడూ పెళ్ళాలను జంటగానే తీసుకుంటాడు, ఒకరు పనికి రాకపోతే ఇద్దర్నీ వదిలేస్తాడు. “నాకూ కర్నూల్లో పని ఉండాది వదినా, తోడొస్తా” అన్నాడు. మంచివాడే. మంచివాడు కాబట్టి నోరారా తిట్టడానికి కూడా లేదు.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. వీరభద్ర నా మొగుడి కాలు వైపే చూస్తున్నాడు, సంతలో ఎద్దును చూసినట్టు.

“ఈరన్నా, ఈ తూరి సుగ్గికి వస్తావా? ఎంతమందని రైతుకు రేపే చెప్పాల.”

“రాకుండా యాడికి పోతానప్పా? కాలు శానా నయమయ్యింది” అని, చేతికర్ర తీసి నా ఒళ్ళో పడేశాడు.

నేను తొడ మీద గిల్లాను. విరగని తొడ మీదే గిల్లాను. “వకీలు ఏం చెప్పినాడు? నోరు మూసుకుని కుంటు” అన్నాను చెవిలో.

“కుంటే మనిషిని సుగ్గికి ఎవడు తీసుకుపోతాడే? నీ దుడ్లు ఎప్పుడొస్తాయో ఏమో, అందాకా ఏం తింటావు?” అన్నాడు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కుంటితే కూలి పోతుంది, కుంటకపోతే పరిహారం పోతుంది. ఇంతలో లోపలి నుంచి పేరు పిలిచారు.

తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో వీరభద్ర నిలబడ్డాడు. “అటు గోడ దాకా నడవయ్యా” అన్నాడు పెద్ద డాక్టరు. నా మొగుడు నడిచాడు. కర్ర లేకుండా, ఛాతీ విరుచుకుని, పెళ్ళికొడుకులా నడిచాడు. దవడ బిగుసుకుపోయింది, మెడ మీద నరాలు లేచాయి, చెమట చొక్కాను తడిపేసింది. అవన్నీ నాకు కనబడ్డాయి. గుమ్మంలోని వీరభద్రకు కనబడింది నడక మాత్రమే. తినడానికి తిండి లేదు, మీసాలకు సంపెంగ నూనె!

“బాగానే నడుస్తున్నాడే” అని డాక్టరు కలం అందుకున్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఏడాదిపాటు ఈ మనిషిని దొడ్డికి ఎత్తుకుపోయింది నేను. రాత్రిళ్ళు దిండు కొరుక్కుంటూ మూలిగితే కాలు పట్టింది నేను. ఇప్పుడు ఒక్క మేస్త్రీ చూస్తున్నాడని అదంతా తుడిచేస్తాడా?

“ఆగండి సార్!” అని అరిచాను. “కింద కూచోమనండి. మిరపకోతలో పొద్దంతా కూచోని లెయ్యాల. ఈడ కూచోమనండి!”

“ఏయ్, బయటికి పో” అన్నాడు నా మొగుడు.

“పోను. కూచ్చో, శివాని నాయనా. మీ మేస్త్రీ చూస్తాండాడు గదా, బాగా చూడనీ. కూచ్చో!”

డాక్టరు కలం పక్కన పెట్టి, “కూర్చో చూద్దాం” అన్నాడు.

నా మొగుడు నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. మోకాలు సగం దాకా వంగింది. తర్వాత వంగలేదు. ఇంకొంచెం దిగబోయి పక్కకు కూలిపోయాడు. అరవకూడదని పెదవి కొరుక్కున్నాడు, రక్తం వచ్చింది. లేపబోతే నా చెయ్యి విదిలించి కొట్టాడు. చివరికి లేపింది వీరభద్రే.

డాక్టర్లు చాలాసేపు కాలు తిప్పి చూశారు, రాసుకున్నారు. “కాలు వంగదని రాస్తాంలే అమ్మా” అన్నాడు పెద్దాయన. బయటికి వచ్చాక వీరభద్ర నా మొహం చూడలేక నేల చూపులు చూశాడు.

“ఈ తూరికి మీరు వద్దులే వదినా. వచ్చే ఏడు చూస్తాం” అన్నాడు.

బస్సులో నా మొగుడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కోడుమూరు దాటాక అన్నాడు.

“కారోడు కాలు ఇరగ్గొట్టినాడు, అంతే. కుంటోణ్ణి చేసింది నువ్వు.”

“అవును, నేనే చేసినా. మళ్ళా చెయ్యమంటే మళ్ళా చేస్తా!” అన్నాను. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది.

దారి పొడుగునా ఒకరినొకరం తిట్టుకున్నాం. అతను మా పుట్టింటిని తిట్టాడు, నేను అతని వంశాన్ని తిట్టాను. కారాయన్ను ఇద్దరిలో ఒక్కరం కూడా తిట్టలేదు. ఆ పూట అతను ఎక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడో ఏమో. అతణ్ణి మాత్రం ఎవరూ నడిచి చూపించమనలేదు.